వచ్చేటప్పటి బరువు

మొన్న ఆదివారం పొద్దున నేను కాఫీ తాగుతూ ఉంటే వసారాలో స్టీలు గ్లాసు ఒకటి గోడకు తగిలి ఖంగుమంది. ఒక్కసారి కాదు, ఆగి ఆగి మళ్లీ మళ్లీ. దాని వెనకే కొత్త రబ్బరు వాసన, గొలుసుకు పూసిన నూనె వాసన లోపలికి వచ్చాయి. ఎవరో పిలిచినట్టు కప్పు కింద పెట్టి లేచి వెళ్లాను. మా తమ్ముడి మనవడు కిరణ్ ముందురోజే బెంగళూరు నుంచి దిగాడు. హంపి దాకా సైకిలు మీద పోతాడట. మౌంటెన్ బైకును గోడకు ఆనించి దానికి సామాను కడుతున్నాడు. వెనక చక్రానికి చెరో పక్క ఒక సంచి, హ్యాండిలుకు ఒక సంచి, ఫ్రేము మధ్యలో మూడుమూలల సంచి. నీళ్లు తాగడానికని ఒక స్టీలు గ్లాసు వెనక వేలాడదీశాడు. చేతిలో ఒక చిన్న తూకం యంత్రం ఉంది. ఎడమ సంచిని దాని కొక్కేనికి తగిలించి ఎత్తాడు, అంకె చూశాడు. కుడి సంచిని ఎత్తాడు, మొహం చిట్లించాడు, అందులోంచి ఒక జత సాక్సులు తీసి ఎడమదాంట్లో కుక్కాడు. "రెండు పక్కలా సమానంగా ఉండాల తాతా, లేకుంటే బండి ఒక పక్కకి లాగేస్తాది" అని నాకు పాఠం చెప్పాడు. నాకు నవ్వు ఆగలేదు. వాడు నొచ్చుకున్నాడు. నిన్ను చూసి కాదురా నవ్వింది అని ఎంత చెప్పినా నమ్మలేదు. వాడి యంత్రానికి బదులు పెద్ద ఇత్తడి తక్కెడ, సాక్సులకు బదులు గరిటెలు ఉంటే, ఆ మొహం చిట్లింపుతో సహా అచ్చం రత్నమ్మగారే.

రత్నమ్మగారిని మీరెవరూ చూసి ఉండరు. చిక్కబళ్లాపురం బజారువీధిలో పాత్రల అంగడి ఆవిడది. డెబ్భైల చివరి రోజులవి. పి.యు.సి. తప్పి, ఇంట్లో అన్నం తినడానికి మొహం చెల్లక తిరుగుతూ, నేను ఆవిడ దగ్గర పనికి పోయాను. పొట్టి మనిషి. గద్దె మీద కూర్చుంటే కాళ్లు కిందికి అందేవి కావు. అందుకని ఒక తపేలా బోర్లించి దాని మీద పాదాలు ఆనించుకునేవారు. ఎవరైనా ఆ సైజు తపేలా కావాలంటే కాళ్లు పైకి ముడుచుకొని అదే అమ్మేసి, ఇంకొకటి బోర్లించుకునేవారు. ఎదురుగా దూలానికి వేలాడే తక్కెడ ఆవిడకు ఒట్టి అంగడి సామాను కాదు. ఎవరికి ఏ అనుమానం వచ్చినా తీర్చే పెద్దమనిషి అది. పక్కింటి పిల్లలు బెల్లంముక్క కోసం కొట్టుకుంటే రెండు ముక్కలూ తక్కెడలో వేసి, బరువైనదాన్ని తాను కాస్త కొరికి, సమానం చేసి ఇచ్చేవారు. నన్ను పనిలో పెట్టుకున్న రోజు కూడా ఆ తక్కెడ పక్కనే నిలబెట్టి అడిగారు.

"ఏమి చదువుకొన్నావప్పా?"

"సైన్సమ్మా."

"పాసా?"

"లేదమ్మా."

"సరే, అట్లయితే ఇంగా నేర్చుకొనేదానికి చోటుండాది" అని, ఒక కుప్ప పాత్రలూ ఒక గోనెసంచీ నా ముందు పడేశారు. అన్నీ దాంట్లో పట్టించమన్నారు. నేను పెద్దవి కింద, చిన్నవి పైన పేర్చాను. సంచి నిండింది, కుప్ప సగం మిగిలింది. ఆవిడ గద్దె దిగి వచ్చి అన్నీ కుమ్మరించి, బిందెలో చెంబు, చెంబులో గ్లాసు, గ్లాసులో చెంచాలు దూర్చుకుంటూ పోయారు. చివరకు సంచీలో ఇంకో రెండు పళ్లేలకు చోటు మిగిలింది. నాకు సైన్సు ఎందుకు తప్పిందో ఆవిడకు అప్పుడే అర్థమై ఉంటుంది. అయినా పనిలో పెట్టుకున్నారు.

ఆ అంగడి అప్పటికే కష్టంలో ఉంది. ఆవిడ భర్త పోవడానికి కొన్ని నెలల ముందు ఎవర్సిల్వర్ సరుకు మదరాసు నుంచి లారీలో దింపించారు. స్టీలును మేమంతా ఎవర్సిల్వర్ అనే అనేవాళ్లం. ఆయన పోయారు, సరుకు అటక నిండా ఉండిపోయింది. ఇంతలో బస్టాండు దగ్గర అద్దాల అంగడి ఒకటి తెరిచారు. అందులో పాత్రల మీద రంగురంగుల దీపాలు వెలుగుతాయి. ఊళ్లో జనం అంతా అటు మళ్లారు. రత్నమ్మగారికి బావగారు, అంటే భర్తకు అన్న, నంజుండయ్య అని ఒకాయన చింతామణిలో పెద్ద కిరాణా వ్యాపారి. ఆయన వారం వారం బస్సెక్కి వచ్చి, అటక వైపు చూసి నిట్టూర్చేవారు. చెడ్డవాడు కాడు. మరదలు ఇంట్లో కూర్చుంటే సుఖపడుతుందని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి.

"నీకెందుకమ్మా ఈ తిప్పలు? ఉగాది లోపల ఈ సరుకు కదిలితే సరి. లేకుంటే తాళంచెవులు నాకిచ్చేయి. మా యింటికొచ్చి, ఉయ్యాల మీద సుకంగా కూర్చో" అని ఆయన ఒకరోజు తేల్చి చెప్పారు.

ఆవిడ కాఫీ ఇచ్చి పంపారు. ఆయన వీధి మలుపు తిరిగాక నడుముకున్న తాళంచెవుల గుత్తిని గట్టిగా పట్టుకొని, "ఉయ్యాలంట! ఆ ఉయ్యాల మీద కూర్చుంటే నేను నెల్లో సచ్చిపోతానప్పా" అన్నారు. ఆ మాట విని నాకు భయం వేసింది. ఆవిడ కోసం కొంత, నా ఉద్యోగం కోసం ఇంకొంత. అంగడి పోతే నేను మళ్లీ మా ఇంటి అరుగు మీదే.

ఊళ్లోవాళ్లు రాకపోతే మనమే ఊళ్లకు పోదామని ఆవిడే ఆలోచించారు. గుడిబండె, బాగేపల్లి, మిట్టేమరి వైపు పల్లెల్లో ఆడవాళ్లు ఇంకా ఇత్తడి బిందెలు చింతపండుతో తోముతూ చేతులు అరగదీసుకుంటున్నారు. పాత ఇత్తడి తీసుకొని కొత్త స్టీలు ఇస్తామంటే ఎవరొద్దంటారు? బస్సు మీద వేస్తే పాత్రలు సొట్టలు పడతాయి, పైగా కండక్టర్లతో తగువు. వెనకింట్లో గోడకు ఆనించి ఉన్న భర్త సైకిలును ఆవిడే బయటికి తెప్పించి, తన కొంగుతో తుడిచారు. దాన్ని తొక్కేది నేను. ఆవిడకు సైకిలు రాదు. కాని సైకిలుకు సామాను ఎట్లా కట్టాలో లోకంలో ఆవిడకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదన్నట్టు మాట్లాడేవారు.

సైకిలు షాపులో వెనక క్యారియరుకు ఇంకో జత ఊతకమ్మీలు వేయించాం. క్యారియరు చిన్నదిగా ఉందని ఆవిడ దాని మీద ఒక పొడవాటి చెక్క బిగించమన్నారు. అది వెనక్కి మూరెడు పొడుచుకొచ్చింది. పాలవాళ్లు వేయించుకున్నట్టు వెనక చక్రానికి లావు స్పోకులు వేయిద్దామని నేనన్నాను.

"ఎందుకప్పా? మొదట్లోనే కదా బరువు? పోతాపోతా అమ్ముడైపోతాది, తగ్గిపోతా ఉంటాది. వచ్చేటప్పుడు నువ్వు గాల్లో తేలతా వస్తావు" అన్నారు. నాకూ ఆ మాట బాగానే తోచింది. గాల్లో తేలుతూ వస్తున్న నన్ను నేనే ఊహించుకొని మురిసిపోయాను కూడా.

ఇక సంచులు. గోనెసంచులు రెండు ఒకటిగా కుట్టి, చెక్కకు అటూ ఇటూ వేలాడేట్టు చేశాం. ఆ రెండింట్లో పట్టే పాత్రలను విడివిడిగా తక్కెడలో పెట్టి తూచారు ఆవిడ. ఎడమ పక్క మొగ్గితే ఒక గ్లాసు తీసి కుడివైపు పెట్టడం, కుడి మొగ్గితే ఒక గరిట తీసి ఎడమవైపు పెట్టడం. ముల్లు నిటారుగా నిలబడేదాకా ఒక పూట పట్టింది. చివరకు ఒక చెంచా దగ్గర తేడా తేలక, ఆ చెంచాను నా జేబులో పెట్టి, "నువ్వు నడిమధ్యన కూర్చుంటావు కదా, సరిపోతాది" అన్నారు. వీటికి తోడు ఒక చిన్న సంచి నిండా బియ్యం. అదెందుకని అడిగాను. ఖాళీ గిన్నె ఎవరి చేతికీ ఇవ్వకూడదు, అమ్మే ప్రతి పాత్రలోనూ పిడికెడు బియ్యం వేసి ఇవ్వాలి అన్నారు. అంగడిలోనూ ఆవిడది అదే పద్ధతి. దానికీ బరువే కదమ్మా అంటే, "పిడికెడు బియ్యం నీకు బరువా?" అని నా వైపు చూసిన చూపుకు ఆ సంచిని కూడా కట్టేశాను.

బయలుదేరే రోజు బజారువీధి అంతా వాకిళ్లలోకి వచ్చింది. పూజ చేసి, హ్యాండిలుకు పూలదండ వేసి, నిమ్మకాయ తొక్కించడానికి ముందు చక్రం కింద పెట్టారు. నేను స్టాండు తీశాను. సైకిలు ముందు చక్రం లేచింది. నిమ్మకాయ నిమ్మకాయలాగే ఉంది. చక్రం మాత్రం నా గడ్డం దాకా వచ్చి, పూలదండతో సహా ఆకాశం వైపు చూస్తూ నిలబడింది. వెనక చెక్క నేలను తాకింది. నేను హ్యాండిలు పట్టుకొని, బెదిరిన గుర్రాన్ని పట్టుకున్నవాడిలా వేలాడాను. వీధిలో నవ్వనివాళ్లు ఎవరూ లేరు, ఒక్క రత్నమ్మగారు తప్ప. ఆవిడ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఎడమ సంచి చూసి, కుడి సంచి చూసి, "సరిగ్గానే ఉండాది కదప్పా, ఏమొచ్చింది దీనికి?" అన్నారు.

"ఎడమకీ కుడికీ సరిగ్గానే ఉండాదమ్మా. ముందుకీ ఎనక్కీ లేదు."

ఇన్నేళ్లూ తక్కెడ ముందు కూర్చున్న మనిషికి ప్రపంచమంతా రెండు తట్టలే. మూడో దిక్కు ఒకటి ఉందని ఆ తక్కెడ ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత ఆవిడ గబగబా లోపలికి పోయి, దూలానికి వేలాడుతున్న ఆ తక్కెడనే విప్పుకొచ్చారు. ఇత్తడి తూచడానికి ఎలాగూ అది కావాలి. తక్కెడ, తూకపురాళ్లు అన్నీ ఒక బుట్టలో పెట్టి ముందు హ్యాండిలుకు కట్టించారు. చెక్కను వెనక మూరెడు కోయించారు. చక్రం మర్యాదగా కిందికి దిగి నిమ్మకాయను తొక్కింది. "సూస్తివా, తక్కెడ లేకుండా యాడికన్నా కదులుతాదా?" అని ఆవిడ వీధి అందరికీ వినపడేట్టు అన్నారు. ఇప్పుడు తలచుకుంటే, తప్పు చేసిన మనిషి తప్పు ఒప్పుకోకుండానే అంత చక్కగా దాన్ని దిద్దుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఆవిడ బస్సులో, నేను సైకిలు మీద. ఒప్పందం అది. దారంతా నా వెనక పాత్రలు చేసే మోతకు పొలాల్లో పనిచేసేవాళ్లు నడుము ఎత్తి చూసేవాళ్లు. గుడిబండెలో ఏదో ఊరేగింపు వస్తోందనుకొని పిల్లలు కొండ కింది వీధుల నుంచి పరుగెత్తుకొచ్చారు. నేను చెమటలు కక్కుతూ ఊళ్లోకి చేరేటప్పటికి ఆవిడ ఎప్పుడో బస్సు దిగి, నల్లగొడుగు కింద చాప పరుచుకొని, చుట్టూ పదిమంది ఆడవాళ్లను పోగేసుకొని కూర్చుని ఉండేవారు. "ఇంతసేపా? యాడ నిద్రపోతాంటివప్పా?" అని అందరిముందూ అడిగేవారు. నేను ఊపిరి తీసుకునే లోపల బేరాలు మొదలయ్యేవి. ప్రతి గిన్నెలో పిడికెడు బియ్యం వేసి, రెండు చేతులతో ఇచ్చేవారు. తీసుకునేవాళ్ల మొహాలు వెలిగిపోయేవి. అద్దాల అంగడిలో ఎవరూ అట్లా ఇవ్వరు.

గుడిబండెలో బాగా అమ్మాం. బాగేపల్లిలో ఆవిడ చుట్టాలింట్లో దిగి, చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా బాగా అమ్మాం. పాత ఇత్తడి వస్తూనే ఉంది, కాని ఏవో చిల్లుపడిన చెంబులు, మూతలేని మరచెంబులు. అసలు సంగతి మిట్టేమరిలో తెలిసింది. అది మా ఆఖరి మజిలీ. ఉగాదికి ముందురోజు. ఆ సాయంత్రానికే నంజుండయ్యగారు చిక్కబళ్లాపురం వచ్చి తాళంచెవుల సంగతి తేలుస్తానని కబురు పెట్టి ఉన్నారు. పొద్దున్నే బేరం ముగించుకొని బయలుదేరితే సరిపోతుందని మా లెక్క. సూర్యుడు పొడిచేసరికి ఊరి ఆడవాళ్లంతా అటకలు దులిపి వచ్చారు. గంగాళాలు, గుండిగలు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని బిందెలు, నీళ్లు కాచే రాగి అండా ఒకటి. ఇంతవరకూ పరవాలేదు. మొదట వచ్చిన పెద్దావిడ తన బిందె తెచ్చి మా ముందు దింపితే ధన్‌మని శబ్దం వచ్చింది. తొంగి చూశాను. నిండా శెనక్కాయలు.

"ఇదేందమ్మా?" అన్నాను నేను.

"ఏందేంది? మీ యమ్మ కొత్త గిన్నెలో బియ్యం పోసి ఇస్తాండాది. మేము మా యింటి బిందె ఖాళీగా చేతికిస్తే మాకు మంచిదా నాయనా?" అంది ఆవిడ.

ఆమె వెనకావిడ తెచ్చిన గుండిగలో రాగులు. ఆ వెనక చింతపండు. ఆ వెనక ఉలవలు. రాగి అండాలో ఏముందో చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒకరిని చూసి ఒకరు, పిడికెడు పోసినవాళ్లు సిగ్గుపడి ఇంటికి పోయి ఇంకో చేటెడు తెచ్చి పోశారు. నేను రత్నమ్మగారి వైపు చూశాను. ఆవిడ గొడుగు కొన వైపు చూశారు. వద్దనడానికి లేదు, ఒలకబోయడానికి అసలే లేదు. ఆవిడ పద్ధతే తిరిగి ఆవిడ ముందుకు వచ్చి నిలబడింది. స్టీలు ఒక్క గ్లాసు కూడా మిగలకుండా అమ్ముడైంది. తీసుకొచ్చిన బరువుకు రెట్టింపుకు పైగా బరువు చాప చుట్టూ కుప్పపడి ఉంది. అప్పుడైనా ఆవిడ కంగారు పడలేదు. తక్కెడ తీసి, ఎడమకు శెనక్కాయలు, కుడికి రాగులు, ముందుకు చింతపండు అని శ్రద్ధగా తూచి కట్టించారు. ఈసారి ముందూ వెనకా కూడా చూశారు. అండాను మాత్రం నా వీపుకు కట్టారు.

గాల్లో తేలుతూ రావడం సంగతి ఇక చెప్పాలా? మిట్ట వస్తే దిగి తోశాను, పల్లం వస్తే అదే నన్ను ఈడ్చుకుపోయింది. పేరేసంద్ర దాటాక వెనక చక్రంలో టింగుమని ఒక స్పోకు తెగింది. కాస్త దూరంలో ఇంకొకటి. తర్వాత వరసగా, పెళ్లిలో పందిరి విప్పేటప్పుడు తాళ్లు తెంచినట్టు, టపటపా తెగిపోయాయి. చక్రం అష్టావక్రంగా మెలి తిరిగింది. నేను, సైకిలు, ఇత్తడి, ఉలవలు అన్నీ కలిసి రోడ్డు పక్కకు ఒరిగాం. బాగేపల్లి నుంచి వచ్చే బస్సు మమ్మల్ని దాటిపోయింది. దాని కిటికీలోంచి ఒక నల్లగొడుగు బయటికి వచ్చి బస్సు రేకును దబదబా బాదింది. బస్సు ఆగింది. రత్నమ్మగారు దిగారు. కండక్టరు కన్నడలో ఏదో గొణిగాడు. ఆవిడ అంతకంటే మంచి కన్నడలో జవాబు చెప్పి పంపించారు.

"మీరు బస్సులో పోండమ్మా, బావగారు వస్తాండారు కదా. మీరన్నా అక్కడుండాల" అని నేను బతిమాలాను.

ఆవిడ వినలేదు. చక్రాన్ని చూశారు, తెగిన స్పోకులు చూశారు, అండా వీపున మోస్తూ తాబేలులా పడి ఉన్న నన్ను చూశారు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. కిలోమీటరు రాయి మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నేను పనిలో చేరాక ఆవిడ అట్లా నవ్వగా ఎప్పుడూ చూడలేదు. నవ్వి నవ్వి, ఆగి, కళ్లు తుడుచుకుంటూ, "పోయేటప్పటి బరువే సూసుకొన్నానప్పా. వచ్చేటప్పటి బరువు సూసుకోలే" అన్నారు. నేను కూడా నవ్వబోయాను. ఆవిడ మొహం చూసి ఆగిపోయాను.

"మా ఆయన పోయినంక అంతా పోయేదే అనుకొంటి. సరుకు పోవాల, అంగడి పోతాది, నేనూ పోతా. తిరిగి ఏమన్నా వస్తాదని నా తలకాయకే రాలే సూడు."

అంత మాట అన్న మనిషి మరుక్షణం లేచి, చీర కుచ్చెళ్లు దోపి, గొడుగు మడిచి, దాని పిడిని క్యారియరుకు ఆనించి నెట్టడం మొదలుపెట్టారు. నేను ముందు హ్యాండిలు, ఆవిడ వెనక గొడుగు. మెలి తిరిగిన చక్రం ప్రతి చుట్టుకూ ఒకసారి క్యారుమనేది. మధ్యాహ్నమంతా ఎండలో అట్లాగే నడిచాం. దారిలో ఎవరన్నా ఆగి జాలిపడితే, "జాలెందుకప్పా, అంతా అమ్ముడయింది" అని ఆవిడ గర్వంగా చెప్పేవారు. దాహం వేస్తే పొలాల దగ్గర నీళ్లడిగి, ఆ సంచిలోంచి శెనక్కాయలే కాసిని తీసి వాళ్ల చేతిలో పెట్టేవారు. నాకు కాళ్లు పీకుతున్నాయి, వీపు మీద అండా మండుతోంది, అయినా ఆ రోజు నేను ఎందుకో చాలా సంతోషంగా ఉన్నాను. అంత సంతోషం ఏ పరీక్ష పాసైనా నాకు వచ్చేది కాదు.

పొద్దు వాలుతుండగా బజారువీధి చేరాం. నంజుండయ్యగారు అంగడి మెట్టు మీద కూర్చొని, కండువాతో విసురుకుంటున్నారు. మూసిన తలుపులు, తాళం చూసి ఆయన అప్పటికే ఏదో నిర్ణయానికి వచ్చినట్టున్నారు. దుమ్ము కొట్టుకుపోయిన మరదలిని, గొడుగును, కుంటుతున్న సైకిలును చూసి ఆయన మొహం మారిపోయింది.

"ఏమమ్మా ఈ అవతారం? చాలు తల్లీ, చాలు. ఇయ్యి తాళంచెవులు. ఈ సైకిలును కూడా చింతామణికి పంపిస్తా" అంటూ, మమ్మల్ని ఆదుకోవడానికి ఎదురొచ్చి, నా చేతిలోంచి సైకిలు తీసుకొని స్టాండు వేయబోయారు.

ఆయన మంచి దిట్టమైన మనిషి. చింతామణిలో బస్తాలు స్వయంగా సర్దేవారని చెప్పుకునేవాళ్లు. క్యారియరు పట్టుకొని ఒక్క గుంజు గుంజారు. సైకిలు కదల్లేదు. కండువా నడుముకు బిగించి మళ్లీ గుంజారు. స్టాండు దిగలేదు, ఆయన మాత్రం కిందికి దిగారు. వెనక్కి మెట్టు మీద కూలబడి, కాళ్ల మీద ఊడిపడ్డ శెనక్కాయల సంచితో అలాగే ఉండిపోయారు. వీధి అంతా మళ్లీ వాకిళ్లలోకి వచ్చింది. నేను సంచి తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. వ్యాపారి చెయ్యి కదా, ఊరికే ఉండలేకపోయింది. సంచిని ఒత్తి చూశారు, గుండిగను వేలితో తట్టి చూశారు, నా వీపున ఉన్న అండాను తట్టి రాగి శబ్దం విన్నారు. తర్వాత తలెత్తి, గొంతు తగ్గించి అడిగారు.

"ఇంత బరువు యాడిదమ్మా రత్నమ్మా?"

"నా అంగడిది బావా" అన్నారు ఆవిడ.

ఆయన సంచి పక్కన పెట్టి లేచి, కాఫీ తాగారు. బస్సుకు లేచేటప్పుడు రత్నమ్మగారు ఒక ఇత్తడి చెంబు నిండా శెనక్కాయలు పోసి, రెండు చేతులతో ఆయనకు ఇచ్చారు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకొని చింతామణి బస్సులో కూర్చున్నారు. తాళంచెవుల మాట ఆ ఉగాదికీ ఎత్తలేదు, ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. ఆవిడ కాళ్లు బోర్లించిన తపేలా మీదే ఉన్నాయి, నా ఉద్యోగం అంగడిలోనే ఉంది. మర్నాడు పండగ పొద్దున్నే, ఒబ్బట్లు తినకముందే, నన్ను సైకిలు షాపుకు పంపి వెనక చక్రానికి లావు స్పోకులు వేయించారు.

చాలా ఏళ్లు ఆ సైకిలు మీద తిరిగాను. చింతామణిలో నేను సొంతంగా అంగడి పెట్టుకోవడానికి బయలుదేరిన రోజు నా సామాను కూడా ఆవిడే తూచి కట్టించారు. కుడీ ఎడమా సమానం, ముందూ వెనకా సమానం. అన్నీ అయ్యాక ఒక మంచి సంచిని ఖాళీగా మడిచి పైన కట్టారు. దాంట్లో ఏమి పెట్టాలమ్మా అని అడిగితే, "నువ్వు తెచ్చుకొనేదానికప్పా" అన్నారు. నేను ఏడ్చేశాను. ఆవిడ కూడా ఏడ్చారు, కాని ఎండ కళ్లలో పడిందన్నారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. వ్యాపారం మా పిల్లలకు అప్పగించి నేను మళ్లీ ఈ చిక్కబళ్లాపురానికే వచ్చి స్థిరపడ్డాను. ఎక్కడికి బయలుదేరినా, ఏ పని మొదలుపెట్టినా, ఏమి పోతుందో అని ముందు గుండె దడదడలాడే రకం నేను. అప్పుడల్లా ఆవిడ కిలోమీటరు రాయి మీద కూర్చొని నవ్వుతూ కనబడతారు. నాకు ధైర్యం వస్తుంది.

ఇదంతా కిరణ్‌కు చెప్పేసరికి ఎండెక్కింది. వాడు టైము చూసుకుంటూ, నవ్వుతూ, హెల్మెట్ పెట్టుకున్నాడు. నేను లోపలికి పోయి ఒక గుడ్డసంచి తెచ్చి, మడిచి, వాడి సామాను మీద పట్టీ కింద దోపాను.

"దీంట్లో ఏముంది తాతా?"

"ఏమీ లేదురా."

తర్వాత ఆ స్టీలు గ్లాసు విప్పి, నిండా వేయించిన శెనగింజలు పోసి, మూతికి గుడ్డ చుట్టి, మళ్లీ దాని చోట కట్టాను. బరువు సమానం తప్పుతుందని వాడు యంత్రం తీయబోయి, నా మొహం చూసి మానేశాడు. "సరే తాతా, అయితే గ్లాసు తిరిగి ఖాళీగా తేకూడదంటావు?" అన్నాడు. తేకూడదన్నాను. వాడు పెడలు తొక్కి వీధిలోకి దిగాడు. మలుపు దగ్గర గుంటలో చక్రం ఎగిరి పడినా గ్లాసు ఖంగుమనలేదు.